రాతి అడుగున సాక్షులు

హైదరాబాదు నగరంలో కొళాయి త్రిప్పి బిందె నింపుకొనే ఇల్లాలు ఆ నీరు ఏ గడ్డమీద కురిసిన వానయో విచారించదు. విచారించినా, మంజీర నీరని ఒక్క మాటతో తృప్తిపడుతుంది. 1965లో మంజీర జలం మొదటిసారి నగరానికి వచ్చినది. 1990వ దశకంలో సింగూరు జలాశయం దానికి తోడైనది. అయితే మంజీర అనేది ఒంటరి ఏరు కాదు. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టి, 724 కిలోమీటర్లు ప్రయాణించి, కందకుర్తి వద్ద గోదావరిలో లీనమయ్యే ఆ నది దారిపొడుగునా ఎన్నో చిన్న వాగులను చేరదీసుకొంటూ వస్తున్నది. వాటిలో కారంజ ఒకటి. బీదరు జిల్లాను వర్ణించిన గ్రంథాలు ఆ ఏటి పుట్టుక కోహీరు వద్ద అని చెపుతున్నవి. కోహీరు నేటి సంగారెడ్డి జిల్లాలోని ఊరు. అక్కడి నీరు కర్ణాటకలోకి వెళ్లి, మంజీరలో కలిసి, మంజీరతోపాటు మరల తెలంగాణలో అడుగుపెట్టి సింగూరు చేరుతున్నది. అత్తవారింటికి వెళ్లిన ఆడపడుచు పండుగకు పుట్టింటికి వచ్చినట్లుగా ఉన్నది ఈ ప్రయాణం! బయలుదేరేటప్పుడు ఆమె ఆరోగ్యంగా ఉన్నదా అని చూడవలసిన బాధ్యత మాత్రం పుట్టింటివారిదే.

కోహీరు 600 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న పీఠభూమి. చలికాలంలో రాష్ట్రంలోకెల్ల తక్కువ ఉష్ణోగ్రత నమోదైన ఊళ్ల పేర్లు పత్రికలలో వచ్చినపుడు ఈ పేరు తరచుగా కనిపిస్తుంది. నేల ఎర్రనిది. పైన లేటరైటు అనే ఎర్రని రంధ్రాల రాయి, దాని క్రింద దక్కను పీఠభూమికి పునాదియైన నల్లరాయి. వానచినుకు ఎర్రరాయిలోనికి ఇంకి, నల్లరాయిని తాకి, ముందుకు పోవటానికి దారిలేక ప్రక్కకు జరిగి ఎక్కడో ఒకచోట ఊటగా బయటపడుతుంది. ఈ రహస్యం పూర్వులకు తెలియనిది కాదు. బీదరు పట్టణం ప్రక్కనున్న నౌబాదులో బహమనీల కాలంలో త్రవ్విన సొరంగపు కాలువ ఈ రెండు రాళ్ల మధ్య నడిచే నీటిని నమ్ముకొని చేసిన పనియే. 1956 వరకు కోహీరు కూడ బీదరు జిల్లాలోనిదే గదా!

అట్టి నేలమీది వాగులు ఏడాది పొడుగునా ఒక్క తీరున ఉండవు. ఆషాఢ శ్రావణాలలో ఎర్రగా, ఉరవడిగా పరుగెత్తుతవి. కార్తికం నాటికి తేటపడి రాళ్లమధ్య గలగల పారుతవి. మాఘ ఫాల్గుణాలకు సన్నగిల్లి, చైత్రానికి కొన్ని మడుగులుగా మిగులుతవి. కొన్ని చోట్ల మడుగు కూడ మిగలదు. ఇటువంటి వాగు ఆరోగ్యంగా ఉన్నదని, లేక జబ్బుపడినదని ఎట్లు తెలుసుకోవటం? ఈ ప్రశ్నకు జవాబు చెప్పటానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదనీ, ఏడవ తరగతి పిల్లలు, వారి ఉపాధ్యాయుడు, ఒక వల, ఒక తెల్లని పళ్లెం ఉంటే చాలుననీ నిరూపించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

సీసాలో నీరు పట్టి ప్రయోగశాలకు పంపటం సర్వసాధారణమైన పద్ధతి. అది తప్పు పద్ధతి కాదు. కాని ఆ సీసా చెప్పగలిగినది ఒక్క క్షణం కథ మాత్రమే. సీసా నింపిన క్షణంలో వాగులో ఉన్న నీరు గంట గడిచేసరికి ఎంతో దిగువకు పోతుంది. రాత్రివేళ ఎవరో వదలిన విషపు నీరు తెల్లవారేసరికి కనుమరుగవుతుంది. పైగా రసాయనిక పరీక్షకు ఒక పరిమితి ఉన్నది: దేనిని వెదకితే అదే దొరుకుతుంది. వేలకొలది పదార్థాలలో దేనికి పరీక్ష చేయవలెనో ముందుగా తెలియాలి. పొలంలో చల్లిన పురుగుమందు పేరు తెలియనివాడు దానిని సీసాలో ఎట్లు పట్టుకోగలడు?

వాగులోనే కాపురం ఉన్న జీవులు అట్లు కాదు. రాయి అడుగును పట్టుకొని కొన్ని వారాలో, నెలలో అక్కడే బ్రతికిన పురుగు పగటి నీరు త్రాగినది, రాత్రి నీరు త్రాగినది. మంచివాడు వచ్చినపుడు ఉన్నది, చెడ్డవాడు వచ్చినపుడూ ఉన్నది. దానికి పారిపోయే వీలు తక్కువ. నీరు భరించరానిదైతే అది చనిపోతుంది. దాని స్థానం ఖాళీగానైనా ఉంటుంది, లేక భరించగల మరొక జీవితో నిండుతుంది. కనుక రాయి ఎత్తి చూచినప్పుడు ఎవరున్నారో లెక్కించటం ఎంత ముఖ్యమో, ఉండవలసినవారు ఎవరు లేరో గుర్తించటం అంతకంటె ముఖ్యం.

ఇంతకూ ఎవరీ సాక్షులు? వెన్నెముక లేని చిన్న జీవులు. కంటికి కనిపించేటంత పెద్దవి, అరచేతిలో ఇమిడేటంత చిన్నవి. వీటిలో అగ్రస్థానం ఇవ్వవలసినది ఆంగ్లేయులు మేఫ్లై అని పిలిచే కీటకానికి. దీనిని మనం ఒక్కనాటి ఈగ అందాము. దీని శాస్త్రీయ నామంలోని గ్రీకు మాటకు అర్థం కూడ అదే. రెక్కలు వచ్చిన తరువాత దీని ఆయుర్దాయం ఒక దినం, ఒక్కొక్కప్పుడు అంతకంటె తక్కువ. ఆ దశలో దీనికి తినటానికి పనికివచ్చే నోరు కూడ ఉండదు! పెండ్లి చేసుకొని, గ్రుడ్లు పెట్టి, ప్రాణం విడవటం తప్ప దానికి వేరే పని లేదు. అయితే ఆ ఒక్క దినం కొరకు అది నీటిలో చేసే తపస్సు కొన్ని వారాలు, ఒక్కొక్క జాతిలో కొన్ని నెలలు. తోక వైపు సాధారణంగా మూడు పొడుగాటి వెంట్రుకలవంటి తోకలు, పొట్టకు ఇరుప్రక్కల సన్నని ఆకులవలె కదలాడే మొప్పలు. ఇవి రెండూ కనిపిస్తే అదే ఒక్కనాటి ఈగ పిల్ల అని గుర్తుపట్టవచ్చును. ఆ మొప్పలు బయటికి తెరచి ఉండటమే దాని బలహీనత. నీటిలో కరిగిన ప్రాణవాయువు తగ్గినా, సన్నని మట్టి మొప్పలమీద పేరుకొన్నా, అతి స్వల్పమైన పురుగుమందు సోకినా అది తట్టుకోలేదు. అందుకే దాని హాజరు వాగుకు గొప్ప యోగ్యతాపత్రం.

దాని తరువాత కాడిస్ ఈగ పిల్లను చెప్పుకోవాలి. ఇది నేతపనివాడు. కొన్ని జాతులు ఇసుక రేణువులను, ఆకు ముక్కలను పట్టు దారంతో అంటించి తమ చుట్టూ ఒక గొట్టం కట్టుకొని అందులో నివసిస్తవి. మరికొన్ని పారే నీటికి ఎదురుగా రాళ్లమధ్య చిన్న వల అల్లి, కొట్టుకువచ్చిన ఆహారాన్ని పట్టుకొంటవి. జాలరి వల వేసి కూర్చోవటం మనుష్యుడు నేర్చినదనుకొంటాము. రాతిక్రింద అంగుళమైనా లేని ఈ పురుగు ఆ విద్యలో మనకంటె ఎంతో పాతది.

తూనీగ పిల్ల రూపురేఖలు వేరు. పైన ఎగిరే తూనీగ అందం దీనికి లేదు. మట్టిరంగు, బలిసిన దేహం. దీని క్రింది పెదవి మడతపెట్టిన చేయివలె ముఖం క్రింద దాగి ఉంటుంది. ఎర దగ్గరకు రాగానే అది రెప్పపాటులో ముందుకు చాచుకొని పట్టి లాగుతుంది. భయం వేసినపుడు వెనుకనుండి నీటిని వేగంగా చిమ్మి, ఆ తోపుతో ముందుకు దూసుకుపోతుంది. రాకెట్టు సూత్రం బోధించే ఉపాధ్యాయుడు నల్లబల్లమీద బొమ్మ గీయటానికి ముందు దీనిని పళ్లెంలో పెట్టి చూపితే పాఠం సగం అయిపోయినట్లే.

నీటి ఉపరితలంమీద అడుగులు తడవకుండా పరుగెత్తే పొడుగుకాళ్ల పురుగు, వెల్లకిల పడుకొని ఈదే పురుగు, గిరగిర తిరిగే నల్లని పెంకుపురుగు వీరి ఇరుగుపొరుగువారు. ఈ చివరిదాని కన్ను రెండుగా చీలి ఉంటుంది. సగం నీటి పైన చూడటానికి, సగం నీటి లోపల చూడటానికి. మన చెరువులలో కనిపించే ఒక వెడల్పాటి నీటి నల్లి సంసారం మరీ విచిత్రం. ఆడది గ్రుడ్లను మగవాని వీపుమీద అంటించి తన దారిని తాను పోతుంది. అవి పొదిగేవరకు ఆ బరువు మోయవలసినది తండ్రి! ఇది విన్న తరగతిలో ఆడపిల్లల వైపునుండి నవ్వు వినిపించకపోదు.

మిగిలినది చివరి వరుస. నత్తలు, జలగలు కొంత మురికిని సహిస్తవి. ఎర్రపురుగు ఇంకా సహనశీలి. ఇది ఒక రకపు చిన్న దోమవంటి ఈగ పిల్ల. దీని రక్తంలో మన రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం వంటిదే ఉన్నది. ప్రాణవాయువు కొరతగా ఉన్న బురదలో కూడ దానిని పట్టి దాచుకొనే శక్తి ఇందువలన కలిగినది. అందరికంటె చివర, తల బురదలో పూడ్చి తోక పైకెత్తి ఆడించే సన్నని నీటి వానపాము. వాగులో ఈ ఇద్దరు మాత్రమే మిగిలి, వేలసంఖ్యలో ఉంటే ఆ వాగును రోగి అనటానికి సందేహించనక్కరలేదు.

ఈ జీవులను సాక్షులుగా స్వీకరించే శాస్త్రం నిన్న మొన్న పుట్టినది కాదు. జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 1902లో దీనికి పునాది వేసి, 1908, 1909 సంవత్సరాలలో ఏయే మొక్కలు, ఏయే జంతువులు ఎంత మురికిని సూచిస్తవో పట్టికలు ప్రకటించినారు. ఇంగ్లండులో ట్రెంట్ నదిని పరీక్షించిన వుడివిస్ 1964లో ఒక సూచిక తయారుచేసినాడు. 1976లో బ్రిటనులో ఏర్పడిన ఒక నిపుణుల సంఘం దీనిని ఇంకా సులభం చేసినది. జాతి పేరు తేల్చటం కష్టం గనుక కుటుంబం వరకు గుర్తిస్తే చాలునని, ఒక్కొక్క కుటుంబానికి 1 నుండి 10 వరకు మార్కులు ఇచ్చినది. సుకుమారమైనవాటికి పది, మొండివాటికి ఒకటి. దక్షిణాఫ్రికాలో బడిపిల్లల కొరకు దీనివంటిదానినే 13 సమూహాలకు కుదించినారు. మనదేశంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి డచ్చి నిపుణుల సహకారంతో యమునానదిమీద ప్రయోగాలు చేసి, బ్రిటిషు పట్టికను మన జీవులకు అనువుగా సవరించి, నీటిని ఐదు తరగతులుగా విభజించినది. శుభ్రమైన నీటికి నీలిరంగు, అతి మలినమైన నీటికి ఎరుపు.

మార్కులు వేయటం ఉపాధ్యాయులకు నేర్పవలసిన విద్య కాదు. ఒక వాగులో ఏడు కుటుంబాలు దొరికినవనుకొందాము. బ్రిటిషు పట్టిక ప్రకారం, చదునైన దేహంగల ఒక్కనాటి ఈగ పిల్లకు 10, తూనీగ పిల్లకు 8, వల అల్లే కాడిస్ పిల్లకు 5, నీటిమీద పరుగెత్తే పురుగుకు 5, చెరువు నత్తకు 3, ఎర్రపురుగుకు 2, నీటి వానపాముకు 1. మొత్తం 34. ఏడుచేత భాగిస్తే సగటు సుమారు 4.9. అదే వాగులో ఊరి మురుగు కలిసిన చోటికి దిగువన చివరి మూడు మాత్రమే దొరికినవనుకోండి. మొత్తం 6, సగటు 2. రెండు అంకెల మధ్య ఉన్న అంతరమే ఆ మురుగు కాలువ చేసిన పని.

దీనికి తోడుగా మండలి వాడే మరొక లెక్క ఉన్నది. నాకు దానిమీద ఎక్కువ మక్కువ; ఏ పురుగు పేరూ తెలియని పిల్లవాడు కూడ దానిని చేయగలడు. పళ్లెంలోనుండి చూడకుండా ఒక్కొక్క జీవినే తీయాలి. ఇప్పుడు తీసినది ఇంతకుముందు తీసినదానివంటిదేనా, కాదా? అంతే ప్రశ్న. వేరైతే క్రొత్త వరుస మొదలైనట్లు. ఒకటే అయితే పాత వరుస కొనసాగినట్లు. ఇరువది జీవులలో 14 వరుసలు వస్తే, 14ను 20చేత భాగిస్తే 0.7. అది వైవిధ్యం కల నీరు. ఇరువదిలో మూడే వరుసలు వస్తే 0.15, ఎవరో ఒకరిద్దరు తప్ప తక్కినవారందరూ ఊరు విడిచిపోయిన నీరు. సగటు మార్కు 4.9, వైవిధ్యం 0.7 అయితే మండలి పట్టికలో మధ్యరకం మాలిన్యం క్రిందికి వస్తుంది. సగటు 2, వైవిధ్యం 0.15 అయితే అది ఎరుపు గడి.

వల పెద్ద ఖర్చు కాదు. వంచిన ఇనుప తీగకు అర మిల్లీమీటరు కన్నుల దోమతెర గుడ్డ కుట్టి కర్రకు బిగించితే సరిపోతుంది. మోకాలు మించని పారే నీటిలో, వలను దిగువ ప్రక్కన నిలబెట్టి, ఎగువన పాదంతో రాళ్లను మూడు నిమిషాలసేపు కదిలించాలి. పట్టు తప్పిన జీవులు ప్రవాహంతో వలలోకి వస్తవి. తరువాత కొన్ని రాళ్లను చేతితో ఎత్తి చూడాలి. తెల్లని పళ్లెంలో నీరు పోసి అందులో కుమ్మరించి, ఒక క్షణం కదలక వేచి ఉంటే, చెత్త అనుకొన్నది నడవటం ప్రారంభిస్తుంది. పిల్లలకు ఈ ఘట్టమే అపూర్వం. లెక్క ముగియగానే జీవులను పట్టిన చోటనే మరల విడవాలి. వరద రోజులలో వాగులో దిగరాదు. కాలికి గాయమున్న పిల్లవానిని దింపరాదు. ఇద్దరు పెద్దలు లేకుండా వెళ్లరాదు.

నీటితో పని ముగియలేదు. గట్టును చూడనిదే వాగు కథ సగమే తెలుస్తుంది. ఇంగ్లండులో 1990వ దశకంలో ఇందుకు ఒక పద్ధతి రూపొందించినారు. వాగు పొడుగున 500 మీటర్లు కొలిచి, 50 మీటర్లకు ఒకచోట నిలిచి, పదిచోట్ల కంటికి కనిపించినదంతా వ్రాస్తారు. అడుగున రాయా, ఇసుకా, బురదా? గట్టు సహజమైనదా, యంత్రంతో చెక్కినదా? నీడనిచ్చే చెట్టు ఉన్నదా? మన వాగుకు మన ప్రశ్నలు కూడ చేర్చుకోవాలి. గట్టున కానుగ, ఈత, వావిలి, ఏరుమద్ది నిలిచి ఉన్నవా, లేక సర్కారు తుమ్మ ఆక్రమించినదా? మడుగులో తుంగ, జమ్ము ఉన్నవా, లేక గుర్రపుడెక్క కప్పివేసినదా? చెరకు మడి, అల్లపు మడి, పత్తి చేను గట్టును ఆనుకొనే ఉన్నవా, నడుమ గడ్డి పట్టెడైనా మిగిల్చినారా? పశువులు దిగే రేవు ఎక్కడ? బట్టలుతికే బండ ఎక్కడ? ఇసుక ఎత్తుకుపోయిన గుంటలు ఎన్ని?

గట్టుకు పురుగుకు ఏమి సంబంధమని కొందరు అడగవచ్చును. కానుగ ఆకు రాలి నీటిలో కుళ్లితేనే దానిని కొరికి తినే జీవులకు ఆహారం. చెట్టు నీడ తొలగితే నీరు వేడెక్కుతుంది. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు నిలువదు. 15 డిగ్రీల వద్ద లీటరు నీరు సుమారు 10 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకోగలిగితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మిల్లీగ్రాములతో సరిపెట్టుకోవాలి. గట్టు గడ్డి పోతే ఎర్రమట్టి నేరుగా వాగులోకి దిగి రాళ్ల సందులు పూడుస్తుంది. రాతి అడుగే లేనప్పుడు రాతి అడుగున కాపురం ఎక్కడిది? పూడిక తీత పేరున యంత్రం వచ్చి వంకర వాగును తిన్నని కాలువగా చేసిపోతుంది. ఆ నీటిని సీసాలో పట్టి పంపితే ప్రయోగశాల నిష్కల్మషమని జవాబు వ్రాయవచ్చును. వల వేసి చూస్తే ఖాళీ. రెండు జవాబులూ నిజమే. నీరు మంచిదే, వాగు మాత్రం లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఏడాది పొడుగునా పారే చల్లని ఇంగ్లండు ఏరుకు కట్టిన కొలబద్ద కోహీరు వాగుకు అచ్చంగా సరిపోదు. చైత్రంలో ఎండి, ఆషాఢంలో మరల పుట్టే వాగులో బ్రతికే జీవుల ఉపాయాలు వేరు. పీత గట్టులో బొరియ త్రవ్వి తడిని వెదకుకొంటుంది. నత్తలలో కొన్ని మూత బిగించుకొని బురదలో నిద్రపోతవి. తూనీగకు రెక్కలున్నవి. బతుకమ్మ పండుగ రోజులలో మన మైదానాలమీద గుంపులు గుంపులుగా ఎగిరే పసుపుపచ్చని తూనీగ వాననీటి గుంటలలో గ్రుడ్లు పెట్టి, కొన్ని వారాలలోనే పిల్లలను రెక్కలతో లేపుతుంది. ఈ జాతి తూనీగలు భారతదేశంనుండి మాల్దీవుల మీదుగా హిందూమహాసముద్రాన్ని దాటి తూర్పు ఆఫ్రికా చేరుతవని 2009లో చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రజ్ఞుడు ఒక వ్యాసంలో ప్రతిపాదించినాడు. ఇంత చిన్న ప్రాణి అంత పెద్ద కడలిని దాటటం ఆశ్చర్యమే. కాని మన లెక్కకు అది చిక్కు తెచ్చిపెడుతుంది. బ్రిటిషు పట్టిక దాని కుటుంబానికి 8 మార్కులు ఇస్తున్నది. మనదగ్గర అది సిమెంటు తొట్టిలో కూడ పెరుగుతుంది. నా అభిప్రాయంలో ఆ మార్కు ఇక్కడ మరీ ఉదారం. తూనీగ పిల్ల ఒక్కదానిని చూచి వాగు శుభ్రమని తీర్పు చెప్పరాదు.

మరి ఖాళీ పళ్లెం ఎండవలన వచ్చినదా, విషంవలన వచ్చినదా అని ఎట్లు తేల్చటం? ఒకే దినం, ఒకే వాగులో, ఎగువను దిగువను రెండు చోట్ల చూడటం ఒక ఉపాయం. ఎండ రెంటికీ సమానమే, విషం దిగువకే. ఏటేటా అదే మాసంలో అదే చోట చూడటం రెండవ ఉపాయం. కార్తికంనుండి పుష్యం వరకు, నీరు తేటపడి ఇంకా పారుతుండగా చూడటం మన ప్రాంతానికి అనుకూలం.

ఏటేటా చూడటం ఎందుకు అంత ముఖ్యమో తెలియాలంటే ఇదే జిల్లాలో, ఇదే మంజీరలో కలిసే నక్కవాగు దగ్గరకు వెళ్లాలి. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాలలో 1970వ దశకంనుండి పరిశ్రమలు వెలసినవి. వాటిలో మందుల కర్మాగారాలు అనేకం. వాటి వ్యర్థజలం వాగులను, చెరువులను, బావులను పట్టుకొన్నది. పొలాలు పోయినవని, పశువులు పోయినవని రైతులు మొరపెట్టుకోగా, వ్యవహారం 1990లో సుప్రీంకోర్టుకు చేరినది. వ్యర్థజలాన్ని శుద్ధి చేయటానికి ఉమ్మడి కేంద్రం కూడ కట్టినారు. 2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు, జోకిమ్ లార్సన్ ప్రభృతులు, ఆ కేంద్రం శుద్ధిచేసి వదలిన నీటిని పరీక్షించిన ఫలితాలు ప్రకటించినారు. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే మందు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. కొన్ని సూక్ష్మజీవులను చంపటానికి చాలిన మోతాదుకు ఇది వేయి రెట్లకు పైన! ఆ మందుకొరకు వెదకేవరకు అది అక్కడ ఉన్నట్లు ఏ సాధారణ పరీక్షా చెప్పలేదు. తరువాత ఆ వ్యర్థజలాన్ని గొట్టపు మార్గంలో హైదరాబాదులోని అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి తరలించే ఏర్పాటు చేసినారు.

నాకు పట్టిన విచారం మరొకటి. నష్టం ఎంత అని న్యాయస్థానం అడిగినప్పుడు, పూర్వం ఎట్లుండెనో చూపవలసిన భారం నష్టపోయినవానిమీదనే పడుతుంది. 1970కి ముందు ఆ వాగు రాళ్లక్రింద ఏయే జీవులుండెనో ఏటేటా వ్రాసిన బడి పుస్తకం ఒక్కటి రైతు చేతిలో ఉండి ఉంటే! "మా వాగు బాగుండేది" అనే మాటకు, "ఫలానా ఏడు, ఫలానా మాసం, ఫలానా రేవు దగ్గర పదకొండు కుటుంబాల జీవులు ఉండెను" అనే మాటకు న్యాయస్థానంలో ఎంత భేదం!

జహీరాబాదు ప్రాంతం ఇపుడు అట్టి కూడలిలో నిలిచి ఉన్నది. న్యాల్కల్, ఝరాసంగం మండలాలలో సుమారు 12,600 ఎకరాలలో జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలం నెలకొల్పటానికి 2016లో కేంద్రప్రభుత్వం తుది ఆమోదం ఇచ్చినది. పరిశ్రమలు రాకూడదని నేను అనటం లేదు. చదువుకొన్న పిల్లలకు పనులు కావాలి. వచ్చినవి వాగులను పాడుచేస్తవని ముందుగానే శపించటమూ న్యాయం కాదు. పాడుచేయలేదని ఋజువు చేసుకోవటానికి కూడ వారికి అదే పుస్తకం అవసరమవుతుంది గదా! మంచి పరిశ్రమకు అది రక్షణ, చెడ్డ పరిశ్రమకు అది సాక్ష్యం. ఇక పొలాలనుండి దిగే ఎరువు, పురుగుమందు, ఊళ్లనుండి దిగే మురుగు సంగతి పరిశ్రమలకు సంబంధించినది కాదు; అది మన యింటి లెక్క. దానిని కూడ ఆ పుస్తకం దాచదు.

ఈ పని బడులే ఎందుకు చేయాలి? ప్రభుత్వ నియంత్రణ మండలి మనుష్యులు పెద్ద నదులమీద, కొన్ని నిర్ణీత స్థానాలలో నీరు పడతారు. ఊరి వాగుకు వారు రాలేరు. వచ్చినా ఏడాదికి ఎన్ని సార్లు? బడి మాత్రం ఊరు విడిచి ఎక్కడికీ పోదు. ఉపాధ్యాయుడు బదిలీ అయినా పుస్తకం బీరువాలో ఉంటుంది. 2001లో ప్రారంభమైన జాతీయ హరిత దళం క్రింద అనేక పాఠశాలలలో పర్యావరణ సంఘాలు ఉన్నవి. మొక్కలు నాటటంతోను, జూన్ 5న ఊరేగింపు తీయటంతోను కార్యక్రమం ముగిసే చోట్ల ఈ పని వాటికి ప్రాణం పోస్తుంది. జంతుశాస్త్రం, భూగోళం, సగటు లెక్కలు, నివేదిక వ్రాయటం అన్నీ ఒక ఉదయంలో కలిసివస్తవి. మన విద్యార్థి పాఠ్యగ్రంథంలో బొమ్మగా చూచిన మొప్పను సజీవంగా కదలుతుండగా చూస్తాడు.

పుస్తకంలో ఏమి వ్రాయాలో చెప్పి ముగిస్తాను. తేదీ, వేళ, వాగు పేరు, చోటు. ఆ చోటును మరుసటి ఏడు మరొకరు గుర్తుపట్టగల ఆనవాలు, అంటే ఫలానా వంతెనకు ఎగువను, ఫలానా మర్రికి ఎదురుగా అని. నీరు పారుతున్నదా, నిలిచినదా, ఎంత లోతు, ఎంత వెచ్చన. గత పది దినాలలో వాన కురిసినదా. ప్రక్క చేలలో మందు చల్లినారా; ఇది రైతును అడిగి తెలుసుకోవాలి, పెద్దన్నను అడిగినట్లు మర్యాదగా, నేరం మోపుతున్నట్లు కాదు. గట్టు వివరాలు. దొరికిన జీవుల పట్టిక, పేరు తెలియకపోతే బొమ్మ. సగటు, వరుసల లెక్క. వల వేసిన పిల్లల పేర్లు. ఏమీ దొరకనినాడు "ఏమీ దొరకలేదు" అని తప్పక వ్రాయాలి. ఆ పుట ఖాళీగా వదలితే, రేపు చూచేవారు ఆనాడు ఎవరూ వాగుకు వెళ్లలేదనుకొంటారు. మొదటి పుట ఈ కార్తికంలోనే వ్రాయవచ్చును. అప్పటికి కోహీరు వాగులలో నీరు తేటపడి ఉంటుంది.